అన్‌లిమిటెడ్ అన్నారు కదా!

చినుకుల్ని కొలిచే యంత్రానికి నలభై వేలు పోసినవాణ్ణి. ఆ లెక్క నలుగురికీ చూపించే సర్వర్‌కు నెలకో వంద ఇవ్వడానికి మాత్రం నాకు చేతులు రాలేదు. ఊరికే ఇచ్చేవాళ్లుండగా కొనుక్కునేవాడు వెర్రివాడనుకున్నాను.

డాబా మీద వాతావరణ స్టేషన్ బిగించి, కంప్యూటర్లో దాని లెక్కలు చూసే క్యుములస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అదీ ఉచితమే, కాకపోతే నిజాయితీగా ఉచితం. ఇక హోస్టింగ్ వెతుకుతూ నేను అడిగింది ఒక్కటే: ఎన్ని జీబీలిస్తారు? ఒకరు ‘అన్‌లిమిటెడ్’ అన్నారు. ఇంకేం కావాలి! వాతావరణం సైటుకు అసలు చోటే పెద్దగా అక్కర్లేదని తట్టలేదు. ఎండ, తేమ, గాలి, వాన అన్నీ కలిపి ఒక్క వరుస. ఆ వరుస నిమిషానికోసారి, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పద్ధతిలో సర్వర్‌కు వెళ్లాలి, అంటే రోజుకు 1,440 సార్లు. గ్రాఫుల బొమ్మలు వేరే. ఉచితంగా ఇచ్చేవాళ్లు లెక్కపెట్టేది ఈ రాకపోకల్నే. ఆ సంగతి నిబంధనల్లో రాసే ఉంది, నేను చదవకుండా టిక్కు కొట్టిన చోట.

దానికి నా తెలివి తోడైంది. అంకెలు కదులుతుంటే ముచ్చటగా ఉంటుందని పేజీ పది సెకన్లకోసారి దానంతటదే రిఫ్రెష్ అయ్యేలా పెట్టాను. తెరిచి వదిలేసిన ఒక్క తెర రోజంతా ఉంటే 8,640 సార్లు సర్వర్ తలుపు తడుతుంది. హిట్లు వేలల్లో కనిపిస్తే మా ఆవిడకు గొప్పగా చూపించాను. అందులో సగానికి పైగా ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, ఫోన్లో ఒకటి తెరుచుకు కూర్చున్న నావే.

2020 అక్టోబర్ 13. పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం సాయంత్రానికి హైదరాబాద్ మీద కుమ్మరించింది. నా సైటుతో పరాయివాళ్లకు మొదటిసారి పనిపడిన రాత్రి అది. కాలనీ వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాను. అందరూ ఒక్కసారే తెరిచారు. కాసేపటికి వాన లెక్క ఉండాల్సిన చోట ‘అకౌంట్ సస్పెండెడ్’ అని, దాని కింద జుట్టు రాలకుండా ఉండే నూనె ప్రకటన!

“సార్, ఎంత పడిందో కాస్త చెప్తారా? మా సెల్లార్లోకి నీళ్లొస్తున్నాయి,” అని పక్క వీధి నుంచి ఫోను. స్టేషన్‌లో వాన కొలిచే టిప్పింగ్ బకెట్ 0.2 మిల్లీమీటర్లకోసారి ఒరుగుతూ తన పని తాను చేసుకుపోతోంది. లెక్కంతా ఇంటి కంప్యూటర్లో భద్రంగా ఉంది. నేను ఇన్వర్టర్ వెలుగులో ఆ అంకెల్ని చేత్తో టైపు చేసి గ్రూపులో పెడుతూ కూర్చున్నాను, నలభై వేల ఆటోమేటిక్ స్టేషన్‌కు గుమాస్తాలా.

సైటు చిరునామా కూడా వాళ్ల పేరుకు తోకలా తగిలించిందే కనుక అదీ పోయింది. తర్వాత సొంత డొమైన్ కొన్నాను. రిఫ్రెష్ నిమిషానికి మార్చాను. గ్రాఫులు చూసేవాళ్ల బ్రౌజర్లోనే గీసుకునేలా సర్దాను. హోస్టింగ్‌కూ డబ్బు కట్టాను, అదీ నిబంధనలు ఆసాంతం చదివాకే. నేను కట్టిన తక్కువ ధర మొదటి ఏడాదికేనని మాత్రం రెన్యువల్ బిల్లు వచ్చాక తెలిసింది.