నా తలదన్నినవాడు

మా చేలగట్టున అందరికంటే ఎత్తు నాదే, డెబ్బై అడుగులు. గీతగాడు మోకు బిగించి నా మీదికెక్కి, నాలుగూళ్లు కనబడుతున్నాయిరా అని కేకేసేవాడు. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడని జనం అంటుంటే నవ్వుకునేదాన్ని. ఉన్నాడు. ఒక వైశాఖ మాసపు సాయంత్రం వచ్చాడు.

మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ. బంగాళాఖాతం నుంచి వచ్చిన తడిగాలి వేడెక్కి పైకి లేచి, మూడింటికల్లా కొండంత మబ్బయింది. లోపల మంచు పలుకులూ వడగళ్లూ ఒరుసుకుని మబ్బు అడుగున ఋణావేశం పేరుకుంది. దాని ఎదురుగా మా నేలలో ధనావేశం పోగయింది. నా మట్టల కొసలు సన్నగా చిటపటలాడాయి.

పిడుగు మబ్బులో ఉండగానే నన్ను గురి చూసుకుందని అంటారు. ఉత్తమాట. అది గుడ్డిది. యాభై మీటర్లకో అంగ చొప్పున తడుముకుంటూ దిగుతుంది. నేల ఇంకో వంద మీటర్లుందనగా, కింద ఎత్తుగా ఉన్నవన్నీ తలా ఒక నిప్పుపోగు పైకి చాపుతాయి. ఏది ముందు అందితే పిడుగు దానిదే. దాచడమెందుకు, ఆవేళ నేనూ చెయ్యి చాచాను. చుట్టూ కోతలైపోయిన చేలు, దాపున ఇంకో చెట్టు లేదు. నాకు రెండింతలున్న సెల్ టవర్ కిలోమీటరు అవతల ఉంది. అంత దూరాన ఎవరో గొడుగు పట్టుకుంటే నేను తడవకుండా ఉంటానా?

గీతగాడు నా మీద కత్తి మర్చిపోయాడనీ, ఆ ఇనుమే పిడుగుని లాగిందనీ మర్నాడు ఒకాయన తేల్చేశాడు. ఇనుము కాదయ్యా, ఒంటరి ఎత్తు.

తాకినచోట సూర్యుడి ఉపరితలం కంటే ఐదింతల వేడి. ఒంట్లో నీరు ఒక్కసారిగా ఆవిరై, మాను నిలువునా చీలింది. వేపచెట్టుకు కొమ్మ పోతే ఇంకో కొమ్మ వేస్తుంది. మాకున్నది ఒక్కటే మొవ్వు. అది మాడింది.

నా సంగతి పోనీ. వానకని నా మొదట్లో చేరిన గొర్రెలు పదకొండు. పిడుగు వాటిని ముట్టనే లేదు. నా వేళ్ల దగ్గర నేలలో పరుచుకున్న కరెంటు వాటి ముందుకాళ్లలో ఎక్కి, గుండె మీదుగా వెనక్కాళ్లలో దిగింది. కాపరి దూరంగా చేలో, రెండు పాదాలూ దగ్గరపెట్టుకుని, అర్జునా ఫల్గుణా అనుకుంటూ ముడుచుకు కూర్చున్నాడు. బతికాడు.

ఇప్పుడు నేను తలలేని మోడుని. తొర్రలో పాలపిట్ట కాపురముంటోంది. ఒకసారి పడ్డచోట మళ్లీ పడదని నమ్మి, మబ్బు పడితే నా దగ్గరికే వచ్చేవాళ్లున్నారు. తల పోయినా అరవై అడుగులున్నాను, అది వాళ్లకు తట్టదు.

మొన్న కాపరి మనవడొచ్చాడు. దూరాన మెరిసింది. వేళ్ల మీద లెక్కపెట్టాడు. పన్నెండు దగ్గర ఉరిమింది. మూడు సెకన్లకో కిలోమీటరు. మబ్బు నాలుగు కిలోమీటర్లలో ఉంది. గొర్రెల్ని హెయ్ హెయ్ అని అదిలించుకుంటూ ఊరివైపు పరుగెత్తాడు. పాలపిట్ట మాత్రం తొర్రలోంచి తల బయట పెట్టి చూసి, మళ్లీ లోపలికెళ్లింది.