కూలెంట్ తగ్గుతోందా? ఈ ఆరు సలహాలు వినకండి

ఎండాకాలంలో బానెట్ ఎత్తిన కారు రోడ్డు పక్కన ఆగిందంటే చాలు, నలుగురు చేరి నాలుగు సలహాలు చెబుతారు. సాయం చేద్దామనే చెబుతారు. కానీ ఇంజిన్లు పాడయ్యేది చాలాసార్లు ఆ సలహాల వల్లే. ఒక్క సంగతి తెలిస్తే వాటిలో తప్పేమిటో మీకే అర్థమవుతుంది. కూలెంట్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య మూసి ఉన్న దారిలో తిరుగుతూ ఉంటుంది, అంతే. మాటిమాటికీ తగ్గుతోందంటే బయటికి కారుతోంది, లేదా ఇంజిన్ లోపలికి పోతోంది. మూడో దారి లేదు.

1. "తగ్గినప్పుడల్లా కాసిని నీళ్లు పోసేయండి సార్"

పోస్తే మట్టం పెరుగుతుంది, లీకు అలాగే ఉంటుంది. పైగా మన బోరు నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుని వాటిని పూడ్చేస్తుంది. నీళ్లు పోసిన కొద్దీ కూలెంట్ పలచబడి తుప్పును ఆపే గుణం పోతుంది. మరిగే స్థాయి కూడా పడిపోతుంది. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం ఉన్న కూలెంట్ మామూలుగానే 105 డిగ్రీలు దాటాక మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడిలో ఉంటే 120 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది. దారిలో వేరే గతి లేక నీళ్లు పోస్తే తప్పు కాదు. షెడ్డుకు చేరాక మాత్రం అదంతా తీయించి, కారు మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే పోయించండి. రంగు చూసి కొనకండి. ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి.

2. "ముందు మూత తీసి చూడండి"

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయడమంటే ఆవిరి నిండిన ప్రెషర్ కుక్కర్ మూత లాగడమే. మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. పై హోస్ పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగండి. తొందరపడి వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు. మట్టం చూడాల్సింది పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. అప్పుడది కూలెంట్ ట్యాంకు మీది రెండు గీతల మధ్య ఉండాలి.

3. "కింద చుక్క లేదు కదా, లీకు లేనట్టే"

వేడి లోహం మీద పడ్డ చుక్క నేల చేరకముందే ఆవిరైపోతుంది, మరక మాత్రం మిగులుతుంది. టార్చిలైటుతో హోస్ పైపుల కొసలు, క్లాంపులు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతికిన అంచు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూడండి. తెల్లగానో ఆకుపచ్చగానో గులాబీగానో ఎండిన చార ఉంటే దొంగ దొరికినట్టే. కారు లోపల తియ్యటి వాసన వస్తున్నా, ముందు అద్దం మీద జిడ్డుగా మసక పడుతున్నా హీటర్ కోర్‌ను అనుమానించాలి. ఏసీ వేసినప్పుడు కింద పడే నీళ్లకు రంగు, వాసన, జిడ్డు ఉండవు. వాటికి భయపడక్కర్లేదు.

కంటికి దొరక్కపోతే ప్రెషర్ టెస్ట్ చేయమనండి. చల్లటి ఇంజిన్‌కు చేతిపంపుతో మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఇస్తారు. పంపు మీది ముల్లు కిందికి జారితే ఎక్కడో లీకు ఉంది. మూతను కూడా అలాగే పరీక్షించాలి. దాని రబ్బరు, స్ప్రింగు అరిగినా కూలెంట్ పోతుంది, పైగా మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

4. "పసుపు పోస్తే రంధ్రం మూసుకుపోతుంది"

పసుపుకు లీకు ఏదో, మంచి గొట్టం ఏదో తెలియదు. రేడియేటర్‌లో, హీటర్ కోర్‌లో ఎక్కడ సన్నగా ఉంటే అక్కడ చేరుతుంది. సీసాల్లో అమ్మే లీక్ స్టాపర్లకూ ఆ ప్రమాదం ఉంది. పగిలిన పైపును మార్చాల్సిందే.

5. "థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లగా నడుస్తుంది"

ఎక్కువ కార్లలో థర్మోస్టాట్ 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అంతవరకు ఇంజిన్ త్వరగా వేడెక్కేలా చూడటమే దాని పని. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే నడిచి ఇంధనం ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. లీకు మాత్రం తగ్గదు. పాడైతే కొత్తది వేయించండి.

6. "ముల్లు ఇంకా ఎర్రగీత చేరలేదు, ఊరు దాకా పోనివ్వండి"

అన్నిటికంటే ఖరీదైన సలహా ఇదే. ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ ద్రవంలో మునిగి ఉండాలి. కూలెంట్ పూర్తిగా పోతే అది గాలిని కొలుస్తూ తప్పు చూపించవచ్చు. ఈలోగా అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. తిరుమల ఘాట్ అయినా, శ్రీశైలం ఘాట్ అయినా ముల్లు పెరుగుతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, మొదట దొరికిన సురక్షితమైన చోట ఆగి ఇంజిన్ ఆపేయండి.

ఇంజిన్ వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తెల్లపొగ ఆగకపోయినా, ట్యాంకులో బుడగలు వస్తూనే ఉన్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్టు కనిపించినా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఒక నీలిరంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది. కూలెంట్‌లో కాలిన వాయువు కలిసి ఉంటే అది పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పరీక్ష చేయించకుండా కొత్త రేడియేటర్ కొనకండి.

తీసేసిన కూలెంట్‌ను నేల మీద వదలకండి. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు.

ఇకమీద షెడ్డుకు వెళ్తే "కూలెంట్ పోయండి" అని అడగకండి. "ఎక్కడ పోతోందో చూపించండి" అని అడగండి. చూపించాకే డబ్బులివ్వండి.