రిసార్టు బావగారు

సీమంతం కానీండి, గృహప్రవేశం కానీండి, సత్యనారాయణ వ్రతం కానీండి, న్యూజెర్సీలో తెలుగువాళ్ళింట ఏ శుభకార్యానికి వెళ్ళినా, పేపరు ప్లేట్లో రెండో గారె పడేలోపు ఒక గొంతు లేస్తుంది: "మేం కాంకూన్‌లో ఉన్నప్పుడూ..."

ఏ ఇంట్లో ఎవరి గొంతైనా సరే, ఆ జాతి మొత్తానికీ నేను రిసార్టు బావగారు అని పేరు పెట్టుకున్నాను. వరసకి బావే అయ్యుండాలని లేదు. అమెరికాలో మనకంటే ముందొచ్చిన మగాళ్ళందరూ బావగార్లే, వాళ్ళ ఆడవాళ్ళందరూ అక్కయ్యలే.

ఈయన 1998 ప్రాంతంలో అమీర్‌పేటలో కోర్సు చేసి, వైటూకే పుణ్యమా అని విమానమెక్కిన బాపతు. మొదట్లో వెకేషనంటే నయాగరాయే. అమ్మానాన్న వచ్చినా నయాగరా, అత్తగారూ మామగారూ వచ్చినా నయాగరా, తోడల్లుడు వచ్చినా నయాగరా. పిల్లలు కాస్త ఎదిగాక డిస్నీ. చిన్నమ్మాయి కూడా కాలేజీ హాస్టల్‌కి వెళ్ళిపోయాక, ఓ జనవరిలో ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ నడుం పట్టేసినప్పుడు, "పెళ్ళయ్యాక మనిద్దరమే ఎక్కడికీ వెళ్ళలేదు సుమా" అన్న మాట పుట్టింది. ఎవరి నోట పుట్టిందన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. బావగారు తనే అన్నానంటారు. "అవును, నేనన్న నాలుగు రోజులకి అన్నారు" అంటుంది అక్కయ్య.

అలా మొదలై, కాంకూన్, పుంటా కానా, మాంటెగో బే, మళ్ళీ కాంకూన్. ఈ కాంకూన్ మెక్సికోకి తూర్పు కొసన, కరీబియన్ సముద్రం ఒడ్డున 1970లలో అక్కడి ప్రభుత్వం టూరిస్టుల కోసమే పనిగట్టుకుని కట్టించిన ఊరు. ఏడంకె ఆకారంలో దాదాపు 23 కిలోమీటర్ల ఇసుక మేట, దాని పొడుగునా హోటళ్ళే. మనవాళ్ళకి నచ్చడానికి ఇంకో కారణముంది. అమెరికా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే ఇండియన్ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా అక్కర్లేదు. కాన్సులేటు గుమ్మం తొక్కకుండా విదేశం చూడడమన్నది మన జాతకాల్లో ఎన్నిసార్లు రాసి ఉంటుంది?

బావగారి దృష్టిలో మాత్రం అసలు ఆకర్షణ సముద్రం కాదు, ఆల్ ఇన్‌క్లూజివ్. గదికి, తిండికి, తాగుడికి, ఆటపాటలకి అన్నింటికీ ముందే ఒక్కటే చెల్లింపు. మణికట్టుకి ఒక బ్యాండు తగిలిస్తారు, ఇక అది చూపించి ఎంత తిన్నా అడిగేవాడుండడు. ఈ పద్ధతికి మూలపురుషుడని చెప్పదగ్గవాడు జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం ఆయన. 1950లో స్పెయిన్ వాళ్ళ మయోర్కా దీవిలో మిలిటరీ వాళ్ళకి మిగిలిపోయిన గుడారాలు వేయించి క్లబ్ మెడ్ అనే విహార సంస్థ మొదలుపెట్టాడు. ఈ సంగతి నేను చెప్తే బావగారు బొత్తిగా ఒప్పుకోలేదు. "ఆయనకంటే ముందే గుంటూరు బ్రాడీపేట మెస్సుల్లో టిక్కెట్టు కొనుక్కుంటే ఎంతన్నా పెట్టేవాళ్ళోయ్" అన్నారు.

చిక్కేమిటంటే బావగారు మందు ముట్టరు. ముట్టనివాడూ, పొద్దున పదింటికే బారు ముందు కుర్చీ వేసుకునే పక్క గది టెక్సాస్ ఆయనా ఒకే రేటు కట్టడమన్నది ఆయన్ని ఏ ట్రిప్పులోనూ నిద్రపోనివ్వలేదు. కాబట్టి ఆ తేడాని తిండిలో రాబట్టాలి. బావగారి జ్ఞాపకాలన్నీ ఈ ఖాతా ప్రకారమే ఉంటాయి. "పుంటా కానాలో రొయ్యల్లోనే సగం వచ్చేసిందోయ్. మాంటెగో బేలో కొంచెం నష్టం, మీ అక్కయ్యకి జలుబు చేసి రెండు డిన్నర్లు పోయాయి." సూర్యాస్తమయం ఎలా ఉందండీ అని అడిగితే, ఆ టైముకి డిన్నరు క్యూలో ఉండాలోయ్, లేకపోతే ఇటాలియన్ రెస్టారెంటులో టేబులు దొరకదంటారు.

ఇక అక్కయ్య శనివారాల సంగతి చెప్పుకోవాలి. వేంకటేశ్వరస్వామికి మొక్కుకుని ఆవిడ శనివారం నీచు ముట్టదు. ప్యాకేజీలేమో శనివారం నుంచి శనివారానికి. అంటే వారం రోజుల ట్రిప్పులో రెండు శనివారాలు. ఆదివారం నుంచి ఆదివారానికి వెళ్దామంటే విమానం టిక్కెట్టు ఎక్కువ. ఆ టిక్కెట్టు తేడా, కలిసొచ్చే ఒక శనివారం రొయ్యల విలువ, రెండూ బేరీజు వేసి బావగారు ఎక్సెల్ షీటు చేశారు. నేను కళ్ళారా చూశాను. ఆ ఫైలు పేరు 'స్వామి'.

మెక్సికోలో శనివారమంటే ఇంకో కష్టం. బీన్సు కదా అని వడ్డించుకుంటే అది పంది కొవ్వులో వేయించి ఉండొచ్చు. అక్కయ్య 'సిన్ కార్నే' అని మాంసం లేకుండా అడగడం నేర్చుకుంది. వెయిటరు తలూపి వెళ్ళి చికెన్ తెచ్చాడు. అతని లెక్కలో కోడి మాంసం కింద రాదు. రెండోసారి చేప తెచ్చాడు. మూడోసారి అక్కయ్య తనే లేచి బఫేలో తెల్లన్నం పెట్టుకుని, పొద్దున టిఫిన్ల దగ్గర పక్కన పెట్టుకున్న పెరుగు కప్పు కలుపుకుని, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ అడిగింది. కాంకూన్ ఉన్న యుకటాన్ వైపు మిరపకాయంటే హబనేరో. నారింజ రంగులో, బుడిపెలు బుడిపెలుగా, చూడ్డానికి ఏదో బొమ్మ గుమ్మడికాయలా ముద్దుగా ఉంటుంది. వెయిటరు వద్దమ్మా వద్దని రెండు చేతులూ ఊపాడు. అక్కయ్య కాయ కొరికి, అన్నం ముద్ద పెట్టుకుని, మళ్ళీ కొరికింది. వంటింట్లోంచి తెల్ల టోపీలవాళ్ళు ఇద్దరు తొంగిచూశారు.

"గుంటూరు పరువు నిలబెట్టిందోయ్!" అని బావగారు ఇక్కడ తొడ చరుస్తారు.

"నిలబెట్టింది నేను, తెల్లార్లూ మంచుముక్కలు చప్పరించిందీ నేనే. ఈయన గుర్రు పెట్టారు" అని వంటింట్లోంచి వినపడుతుంది.

ఇక్కడ ఒక మాట. అక్కయ్య ఎప్పుడూ కథ ఎత్తుకోదు. బావగారు ఎత్తుకున్నదాన్ని సరిచేస్తుంది, అంతే. ఆ సరిచేసే మాటల కోసమే మేమంతా చేతులు ఎండిపోతున్నా కడుక్కోకుండా కూర్చుంటాం.

ఉదాహరణకి పెళ్ళిరోజు. రిసార్టులో 'యానివర్సరీ' అని చెప్తే గదిలోకి కేకూ పూలూ ఉచితం. బావగారు ఈ రహస్యం కనిపెట్టి బుకింగ్ ఫారంలో ప్రతిసారీ ఆ గడిలో టిక్కు పెడతారు. "మా పెళ్ళి మే నెలలో. ఫిబ్రవరిలో కోయించారు, సెప్టెంబరులో కోయించారు, నవంబరులో కోయించారు. మేలో మాత్రం గుర్తుండదు" అంటుంది అక్కయ్య.

సెప్టెంబరు ఎందుకంటారా? సగం రేటు కాబట్టి. సగం రేటు ఎందుకంటే అట్లాంటిక్ తుపాన్ల సీజను జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, అందులో సెప్టెంబరు నడినెత్తి. 2005 అక్టోబరులో విల్మా తుపాను కాంకూన్ బీచిలో ఇసుకని చాలా మటుకు కోసుకుపోతే, మెక్సికో ప్రభుత్వం సముద్రంలోంచి తోడి మళ్ళీ పోయించుకోవాల్సి వచ్చింది. ఇదంతా తెలిసే బావగారు వెళ్ళారు. దిగిన మర్నాటినుంచీ వాన. "వానైతేనేం, బఫే లోపలే కదా" అన్నారట. అక్కయ్య ఆ వారంలో గదిలో కూర్చుని తెనాలిలో ఉన్న వాళ్ళమ్మతో వాట్సాప్‌లో మాట్లాడి, నాలుగు రకాల ఊరగాయల కొలతలు రాసుకుంది. ఆవిడ దృష్టిలో అది అన్నింటికంటే మంచి ట్రిప్పు.

ఎండ కాసినప్పుడు బావగారు తెల్లవారుజామున అయిదింటికే లేస్తారు. చీకట్లో చెప్పుల చప్పుడు కాకుండా స్విమ్మింగ్ పూలు దగ్గరికి వెళ్ళి, గడ్డి గొడుగు కింద రెండు పడక కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి వస్తారు. ఆర్టీసీ బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదకి రాకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టిన చెయ్యి అది. జర్మన్లూ బ్రిటిషువాళ్ళూ ఈ విద్యలో ఆరితేరినవాళ్ళంటారు గానీ, తువ్వాలు జారకుండా కుర్చీ కోడుకి జేబురుమాలుతో ముడెయ్యడం వాళ్ళకి తెలీదని బావగారి అభిప్రాయం. ఇంత కష్టపడి పట్టిన కుర్చీల్లో చేసేదేమిటయ్యా అంటే, అక్కయ్య చుడీదారు మీద స్వెట్టరేసుకుని సీరియల్ చూస్తుంది. బావగారు ప్యాంటు మడిచి సముద్రంలో మోకాలి లోతు దాకా వెళ్ళి, ఫోను నెత్తి మీద పెట్టుకుని తిరిగి వచ్చేస్తారు. ఇద్దరికీ ఈత రాదు.

మాంటెగో బే ఉన్న జమైకా గురించి ఎక్కువ చెప్పరు. ఒక్క మేక కూర మాత్రం తలుచుకుంటారు. 1845 నుంచి మన దేశంలోంచి చెరుకు తోటలకి కూలీలుగా వెళ్ళినవాళ్ళ చేతి మసాలా ఇప్పటికీ అక్కడి 'కర్రీ గోట్'లో తగులుతుంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని అక్కయ్య ఏమీ సరిచెయ్యలేదట. మెక్సికోలో మాయన్ల మెట్ల పిరమిడ్ ఉన్న చిచెన్ ఇట్జా కూడా ఒక్క పేరాలో తేల్చేస్తారు. నాలుగు వైపులా మెట్లూ పైగుడి మెట్టూ కలిపి 365 అని గైడు చెప్తే, అలిపిరి నుంచి కొండెక్కిన అక్కయ్య "ఇంతేనా?" అందిట. ఎక్కనివ్వరని తెలిశాక మరీ "ఇంతేనా?" అందిట. మెట్ల ముందు చప్పట్లు కొడితే పిట్ట కూసినట్టు ప్రతిధ్వని వస్తుందని బావగారు మన డ్రాయింగు రూములో చప్పట్లు కొట్టి చూపిస్తారు. మన గోడలకి ఆ విద్య లేదు.

అసలు రసపట్టు టైమ్‌షేర్. కాంకూన్ విమానాశ్రయంలో సామాను తీసుకుని బయటికొచ్చేలోపు నవ్వుమొహాలవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. టాక్సీ కావాలా, మ్యాపు కావాలా, దీవి చుట్టూ పడవ షికారు ఉచితంగా కావాలా? తొంభై నిమిషాలు మా మాటలు వినండి చాలు అంటారు. 'ఉచితం' అన్నాక బావగారు ఆగుతారా? ఆ తొంభై నిమిషాలు నాలుగు గంటలయ్యాయి. మొదట ఒకమ్మాయి, తర్వాత ఆ అమ్మాయి మేనేజరు, ఆ పైన మేనేజరుకి మేనేజరు. ఒక్కొక్కరు మారినప్పుడల్లా రేటు పడిపోతోంది. రేటు పడిపోతుంటే కుర్చీలోంచి లేవడం మన రక్తంలో లేదు. చివరికి ముప్పయ్యేళ్ళపాటు ఏడాదికో వారం గది వీళ్ళదయ్యేట్టు సంతకాలైపోయాయి.

గదికొచ్చాక అక్కయ్య ఒకే ప్రశ్న వేసింది. "ముప్పయ్యేళ్ళ తర్వాత మనకెన్నేళ్ళండీ?"

బావగారు లెక్కేశారు. ఆ రాత్రి బఫేకి వెళ్ళలేదు. మెక్సికోలో అలాంటి ఒప్పందాన్ని 5 పని దినాల్లో రద్దు చేసుకునే హక్కుందని ఇంటర్నెట్టులో దొరికింది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని, ఆయన ఇంగ్లీషు చెప్తుంటే ఆవిడ టైపు చేసి, కాదు కాదు ఆ మాట తీసెయ్యమని ఆవిడంటే ఆయన తీసేసి, అర్ధరాత్రి దాకా ఒక ఉత్తరం తయారు చేశారు. మర్నాడు హోటలు బిజినెస్ సెంటర్లో ప్రింటు తీయించి, వెళ్ళి చేతికిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నారు. వాళ్ళు చేసిన ప్రయాణాలన్నింటిలోనూ ఒకరి మాట ఒకరు సరిచేయకుండా చెప్పేది ఈ ఒక్క కథే. పైగా పడవ షికారు టిక్కెట్లు వెనక్కివ్వలేదు.

ఫొటోల దగ్గర జాగ్రత్త. టీవీకి ఫోను కలిపారంటే భోజనాల బల్ల దగ్గర్నుంచి మొదలవుతుంది. పళ్ళాలు, పళ్ళాలు, మళ్ళీ పళ్ళాలు. మధ్యలో ఓ ఏడాది బీచి నిండా గోధుమ రంగు నాచు. సర్గాసమ్ అంటారు, 2011 నుంచీ కరీబియన్ తీరాలకి కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తోంది, కుళ్ళితే కోడిగుడ్డు కంపు. "ఈ వాసనకా అంత డబ్బు పోశారు?" అంటుంది అక్కయ్య, ఫొటోలోంచి కూడా వాసనొస్తున్నట్టు ముక్కు మూసుకుని. ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో మాత్రం ఒక్కటే కనిపిస్తుంది. రిసార్టు ఫొటోగ్రాఫరు సాయంత్రం వెలుగులో తీశాడు. అక్కయ్య దుపట్టా గాలికెగిరి బావగారి మొహం సగం కప్పేసింది, ఇద్దరూ నవ్వుతున్నారు. కాపీ 30 డాలర్లన్నాడు. బావగారు కొనలేదు. కౌంటరు మీద కంప్యూటరు తెరని ఫోనుతో ఫొటో తీసుకున్నారు. దానికే పెద్ద ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. ఇద్దరి ఛాతీల మీదుగా అడ్డంగా 'శాంపిల్' అని రాసి ఉంటుంది.

పోయిన ఉగాదికి అక్కయ్య మేనకోడలి పెళ్ళికని ఇండియాలో ఉంది. బావగారొక్కరే వచ్చారు. పచ్చడి తినగానే అలవాటుగా హబనేరో కథ ఎత్తుకున్నారు. వెయిటరు చేతులూపాడు, వంటవాళ్ళు తొంగిచూశారు, గుంటూరు పరువు నిలబడింది. అక్కడ ఆగి వంటింటివైపు చూశారు. లోపల ఎవరో మిక్సీ వేస్తున్నారు. "రాత్రంతా పాపం మంచుముక్కలు చప్పరించింది" అని తనే అనేసి, పులిహోర ఇంకాస్త పెట్టించుకున్నారు. ఆ కథకి ఆ రోజు ఎవరూ నవ్వలేదు. చెప్పడంలో లోపమేమీ లేదు, సగం మనుషులు తక్కువయ్యారంతే.

ఈ డిసెంబరులో మళ్ళీ కాంకూనేనట, శనివారం నుంచి శనివారానికే. కాబట్టి జనవరిలో మీ ఇంట ఏదైనా శుభకార్యం పెట్టుకుంటే వాళ్ళిద్దర్నీ కలిపే పిలవండి, భోజనాలు మాత్రం ముందే వడ్డించేయండి.