గోడ మీది సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి దొరికాడు. మా పేట పొదుపు సంఘం గోడ మీద నీలి రంగుతో రాసిన మూడు వాక్యాలకు మాత్రం ఇన్నేళ్లుగా వ్యాఖ్యాత కరువయ్యాడు. చదివినవాళ్లు లేకపోలేదు. వాళ్లంతా వరుసలో నిలబడి, తమ వంతు ఎప్పుడొస్తుందా అని మెడ చాస్తూ చదివినవాళ్లే. ఆ లోటు తీర్చే భాగ్యం పోయిన నెల 6వ తేదీన నాకు పట్టింది. ఎలా పట్టిందో ఫలశ్రుతిలో తెలుస్తుంది.

మూలం

ప్రతి నెల 5వ తేదీ లోపల పొదుపు కట్టవలెను. ఆలస్యమైన రూ. 5 జరిమానా. పుస్తకము తేనివారికి పద్దు వేయబడదు.

ప్రతిపదార్థం

ప్రతి నెల = చేతిలో డబ్బాడే నెలలోనే కాక, పెళ్లిళ్ల నెలలోను, బడి ఫీజుల నెలలోను; 5వ తేదీ లోపల = జీతం పడ్డాక, పాలవాడూ కిరాణా కొట్టువాడూ గుమ్మంలోకి రాకముందు; పొదుపు = మా సంఘంలో మనిషికి 200 రూపాయలు; కట్టవలెను = గొడ్డును గుంజకు కట్టినట్టు కట్టివేయవలెను; ఆలస్యమైన = ‘రేపు కడదాంలే’ అనుకున్న; పుస్తకము = బీరువాలో పాత కరెంటు బిల్లుల కింద ఉండేది; పద్దు వేయబడదు = ఎంత బతిమాలినా వేయబడదు.

శబ్ద విచారం

పొదుపు దేశ్యం. జరిమానా పారసీ నుంచి వచ్చిన అన్యదేశ్యం. పుస్తకం తత్సమం. మూడు ముక్కల్లో మూడు రకాల పదాలు ఇమిడ్చిన సూత్రకారుడు సామాన్యుడు కాడు.

‘పొదుగుట’ నుంచి ‘పొదుపు’ పుట్టిందని మా వీధి వ్యుత్పత్తి. శాస్త్రం సంగతి ఎలా ఉన్నా లెక్క కుదిరింది. నెలకు 200 చొప్పున పదేళ్లు కడితే అసలు 24,000. నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీ పడుతూ, అది ఎప్పటికప్పుడు అసలులో కలుస్తూ పోతే 32,700 దాటుతుంది. షరతు ఒక్కటే, కోడి గంప మీంచి లేవకూడదు. పండక్కొకసారి, కొత్త ఫోనుకొకసారి లేస్తే మిగిలేవి మురిగిన గుడ్లు.

శంక

‘మిగిలితే కదా కట్టేది?’

సమాధానం

1993లో సారా నిషేధం వచ్చాక, దాని కోసం పోరాడిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. వాళ్లకు కూలి పెరిగిందా? లేదు. ఇంట్లో డబ్బు కారిపోయే బొక్క ఒకటి పూడింది. కాబట్టి ముందు వెతకవలసింది బొక్కను. వ్యాఖ్యాత తన మటుకు తాను నెల రోజులు చొక్కా జేబులో చీటీ పెట్టుకుని ఖర్చులు రాశాడు. ఆఫీసు ముందు బండి దగ్గర సాయంత్రం టీకీ మిర్చి బజ్జీకీ రోజుకు 30. పనిరోజులు 25. మొత్తం 750. పొదుపుకు 200 దొరకడం లేదని ఆ బండి పక్కనే నిలబడి, బజ్జీ నములుతూ వాపోయినవాడు కూడా ఇతడే.

మరో శంక

‘నా డబ్బు నేను దాచుకోవడానికి 5 అయితేనేం, 15 అయితేనేం?’

సమాధానం

మా సంఘంలో అప్పులిచ్చేది 6వ తేదీన. ముందురోజు దాకా వచ్చిందే ఆ రోజు బయటికి వెళుతుంది. కూరగాయల బండి నడిపే ఒకావిడ కూతురి కాలేజీ ఫీజుకు 10,000 అడిగిందనుకోండి. అది 50 మంది కట్టిన 200లు. సంఘంలో రూపాయి వడ్డీ, అంటే నూటికి నెలకు ఒకటి. నెలకు వెయ్యి అసలు తీరుస్తూ పోతే వడ్డీ మొదటి నెల 100, రెండో నెల 90, అలా దిగుతూ పదో నెలకు 10. మొత్తం 550తో అప్పు తీరిపోతుంది. బజారులో మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, అసలు జోలికి పోలేక వడ్డీ ఒక్కటే కడుతూ వస్తే పది నెలల్లో 3,000 పోతుంది, 10,000 అలాగే కూర్చుని ఉంటుంది. నూటికి మూడంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది, ఏడాదికి 36 అని చదువుకుంటే గానీ దాని పళ్లు కనపడవు.

పుస్తక ప్రకరణం

బ్యాంకు డిపాజిట్లకు 2020 నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది. సహకార బ్యాంకులకూ ఆ గొడుగు ఉంది. మాది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైన సంఘం, మాకది లేదు. మాకున్న గొడుగు పుస్తకమే. పొదుపు గడి, అప్పు గడి, వడ్డీ గడి ఎదుటే నింపించుకోవాలి, సంతకం చూసుకోవాలి. ఏడాదికోసారి మహాజన సభలో జమాఖర్చులు చదువుతున్నప్పుడు మేలుకుని ఉండాలి.

అలంకారం

కట్టవలెను అన్నచోట శ్లేష. డబ్బు కట్టడం ఒకటి, కాళ్లొచ్చిన డబ్బును కట్టేయడం రెండోది.

వ్యాకరణ విశేషం

‘కట్టవలెను’కు కర్త లేదు. ఎవరు కట్టవలెను? మూలం చెప్పదు. సందర్భాన్ని బట్టి తెచ్చుకోవాలి.

పాఠాంతరం

గోడకు చెమ్మ పట్టి, తేదీలోని 5 కింది సున్న మూసుకుని 6లా కనిపిస్తోంది. ‘6వ తేదీ లోపల’ అన్న పాఠాన్ని ఈ వ్యాఖ్యాత ఒక్కడే సమర్థించాడు.

ఫలశ్రుతి

సమర్థించిన రోజు 6వ తేదీ. లెక్కలు రాసే అమ్మాయి అంతా ఓపిగ్గా విని, ‘‘గోడ మీద చెరిగినా పుస్తకం అట్ట వెనక అచ్చు వేసే ఉంది అంకుల్, చూసుకోండి’’ అంది. పుస్తకం తేలేదు. మూడో సూత్రం వర్తించింది. ఎండలో ఇంటికెళ్లి, కరెంటు బిల్లులన్నీ తిరగేసి, పుస్తకం తెచ్చి 205 కట్టాను. ‘‘ఒకరికి 10,000 ఇవ్వాలి, పొద్దుట్నుంచీ 9,800 దగ్గరే ఆగింది’’ అంటూ ఆ అమ్మాయి బల్ల ముందు కూర్చున్న ఒకావిడ వైపు చూసింది. ఆవిడ నావైపు చూడలేదు, ఒళ్లో ఉన్న ఫీజు కాగితాన్ని ఇంకో మడత పెట్టింది.

నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో 5 పడింది. మూలంలో లోపించిన కర్త దొరికాడు.