యాత్రాదక్షుడు

బెంగళూరు మారతహళ్ళి వంతెన చుట్టుప్రక్కల అపార్టుమెంట్లలో, ఉగాది పండుగ వెళ్ళిన నాటినుండి, ఒకానొక విధమైన గృహస్థు కానవచ్చుచుండును. సంవత్సరమంతయు అతడు పరమ సౌమ్యుడు. ఆఫీసులో మేనేజరు విధించిన గడువులకెల్ల తలయూపును. ఇల్లాలు వ్రాసియిచ్చిన సరకులు మారుమాటాడక తెచ్చును. ఔటర్ రింగు రోడ్డుమీద ముందు బండి కదలక, వెనుక బండి హారను మానక, గంటల తరబడి నిలిచిపోయినను ఎవ్వరినీ పల్లెత్తు మాట యనడు. కాని పిల్లల బడికి వేసవి సెలవు లెన్నడో తెలియవచ్చిన క్షణమున, ఆ సౌమ్యునియందు నిద్రించుచున్న సేనాధిపతి దిగ్గున లేచి కూర్చుండును. ఆ మహానుభావుని నేను యాత్రాదక్షుడని వ్యవహరింతును.

సకుటుంబముగా, సొంత కారులో, నెల్లూరు మొదలు విశాఖపట్టణము దాక గల తీరపట్టణములు చుట్టివచ్చుట అతని సంకల్పము. శుక్రవారము సాయంకాలమున ఆ వంతెన దగ్గరనే "నెల్లూరు, ఒంగోలు, వైజాగ్" అని కేకలు వేయు ప్రైవేటు బస్సులు బారులు తీరియుండగా, వేయి కిలోమీటర్లు తానేల తోలవలయునని అడుగరాదు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున చల్లగా కూర్చున్నవాడు, రోళ్ళు పగులు రోహిణీకార్తె ముంగిట, కోస్తా ఉక్కపోతలోనికి బుద్ధిపూర్వకముగా దిగుట యేమనియు అడుగరాదు. పిల్లల సెలవులు, తన లీవు, పై అధికారి ప్రసన్నత అను మూడును ఒక్కచోట కూడు యోగము ఆ ఎండలలోనే గాని వేరొకప్పుడు సంభవింపదు.

ఈ యాత్రకు శాస్త్రగ్రంథ మొక ఎక్సెల్ షీటు. బయలుదేరు వేళ, చేరు వేళ, కిలోమీటర్లు, టోలు రుసుము, ఫలాహారము అను గడుల సరసన "లఘుశంక – 7 నిమిషాలు" అను గడియు అందు భద్రముగా నుండును. ఇల్లాలు ఆ షీటును గౌరవముతో చూచి, "బాగుందండీ" అని, డిక్కీలో రెండు పట్టుచీరలును, ఒక మిఠాయి పెట్టెయు సర్దును. బీచికి పట్టుచీర లెందుకని యాతడు ప్రశ్నించినచో, "ఎందుకైనా మంచిది" అని మాత్రమే సమాధానము వచ్చును. ఆ మాటలోని రాజనీతి బాపట్ల చేరుదాక అతనికి బోధపడదు.

తెల్లవారుజామున నాలుగింటికి కదలవలసిన రథము ఆరున్నరకు కదలును. ఆ రెండున్నర గంటల లోటును దారిలో పూడ్చుకొనుటయే అటుపిమ్మట అతని జీవితధ్యేయము. టిన్ ఫ్యాక్టరీ, కృష్ణరాజపురము, హొసకోటె, కోలారు దాటి ముళబాగిలు సమీపించునప్పటికి, ఆ యూరి దోసెల ఖ్యాతి నెరిగిన పిల్లలు ముక్తకంఠముతో దోసె యడుగుదురు. దోసె షీటులో లేదు. వెన్న కారుచు, ఎఱ్ఱగా కాలి, లోన మెత్తగా నుండు ఆ దోసెను కిటికీ యద్దములోనుండి దర్శించి, ఒడిలోని పులిహోర పొట్లములు విప్పుకొని, ప్రజలు మౌనముగా ముందుకు సాగుదురు. కాని నంగలి దగ్గర, సరిహద్దునకు కొంచె మీవల, బండి తప్పక ఆగును. ఆంధ్రలోకంటె కర్ణాటకలో పెట్రోలు చవుక గనుక, ట్యాంకు మూతివరకు నింపించి, "లీటరుకు ఇన్ని రూపాయలు మిగిలాయి" అని అతడు మోగించు విజయభేరిలో దోసె కోల్పోయిన శిశువుల రోదనము కలిసిపోవును. పలమనేరు దాటి మొగిలి ఘాటు మలుపులు తిరుగునపుడు ఆ పులిహోర వెలికి వచ్చుటయు కలదు. దానికి షీటులో గడి లేదు.

2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ అనివార్యమైన నాటినుండి అతనికి దారిపొడుగున నొక నూతన వినోదము లభించినది. టోల్‌గేటు రాగానే పాట ఆపించును. ఫోను టింగుమన్నంతనే ఎంత కోసిరో పైకి చదువును. మొత్తమును మనసులో కూడి నిట్టూర్చును. ఇట్టి నిట్టూర్పుల నడుమ ఒంగోలు చేరి, అచ్చటినుండి కత్తిపూడి దాక తీరము వెంట పోవు 216వ జాతీయ రహదారి నెక్కగానే అతనిలోని చరిత్రకారుడు మేల్కొనును. "మునిసిపాలిటీ పన్నులు కట్టమని 1921లో ఈ చీరాల, పేరాల జనం ఊళ్ళే ఖాళీ చేశారర్రా! దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటమీద రామనగర్‌లో పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు!" అని గద్గదస్వరమున ప్రసంగించుచుండగా ఫోను మరల టింగుమనును. పన్ను కట్టనివారిని పొగడుచు అతడు చెల్లించిన రుసుములకు లెక్కలేదు.

ఇక్కడనే అసలు చిక్కు మొదలగును. అతనికి తీరమనగా మైపాడు, కొత్తపట్నము, వాడరేవు, సూర్యలంక, మంగినపూడి. వెనుక సీటులోని తల్లికి తీరమనగా నెల్లూరి మేనమామగారు, చీరాల వదినగారు, బాపట్ల పిన్ని, బందరు బావగారు, కాకినాడ వియ్యపురాలు. ఇతడు తన మార్గమును సముద్రమునకు చేరువగాను, చుట్టములకు దూరముగాను కూర్చినవాడు. వాట్సాప్‌లో స్టేటసు పెట్టరాదని సకల పరివారమునకును ముందుగనే ఆజ్ఞాపించినవాడు. ఆమెయో, ఎక్కడ నుంటిమో ఎప్పటికప్పుడు చెల్లెలికి ఫోనులో నివేదించుచు వచ్చినది.

"గుమ్మం ముందునుంచి పోతూ గడప తొక్కకపోతే మీ పిన్ని ఏమనుకుంటుందిరా?"

"అమ్మా, సూర్యలంకలో గంటన్నర ఉండాలి. ఆలస్యమైతే..."

"ఐదు నిమిషాలేరా నాన్నా! మంచినీళ్ళు తాగి వచ్చేద్దాం."

ఆ ఐదు నిమిషములలో అన్నము వండబడినది, గారెలు వేగినవి, పట్టుచీర రెపరెపలాడినది, మిఠాయి పెట్టె చేతులు మారినది. ఇంటికి తొమ్మిది కిలోమీటర్ల దూరమున ఘోషించు సముద్రమునకు గంటన్నరలో పావుగంట మిగిలినది. అంతటితో పోయినదా? మే నెల గనుక ఆ యింట ఆవకాయ కలిపియుండిరి. వాసెన గట్టిన జాడీ యొకటి బహూకరింపబడినది. డిక్కీలో ఒరిగిపోవునను భీతిచే దానిని వెనుక సీటు నడుమ కూర్చుండబెట్టగా, ఆ బరువును మనిషిగా భ్రమించి కారు బీప్ బీప్‌మని మొరపెట్టినది. ఎట్టకేలకు జాడీకి సీటుబెల్టు బిగించిన పిదప గాని శాంతింపలేదు. ఇరుకైన సీటులో పిల్లలు ఒకరిమీద నొకరు పడిరి. ఆవకాయ మాత్రము నిటారుగా ప్రయాణించినది.

సముద్రతీరమున యాత్రాదక్షుని చూడవలయును. కుటుంబమంతయు అలల వంక పరుగెత్తగా, అతడు సముద్రమునకు వీపు పెట్టి, తాళములు జేబులో తడిమి చూచుకొనుచు, దూరమున ఎండలో మెరయు కారునకు కావలి కాయును. తిరిగి ఎక్కువేళ పాదప్రక్షాళనము. రెండు లీటర్ల సీసాతో, వరుసగా నిలిచిన పిల్లల కాళ్ళపై అతి పొదుపుగా ధార పోయును. కుడికాలు కడిగి తుండుగుడ్డతో తుడిచి, ఎడమకాలు కడుగుటకు కుడికాలు మరల ఇసుకలో మోపింపక తప్పదు. ఈ సమస్యకు అతని షీటులో సూత్రము లేదు. తుదకు పిల్లలను చంకనెత్తి సీటులో పడవేసిన పిమ్మట చూచుకొనగా, కారులోనికి అధికముగా ఇసుక తెచ్చినది అతని బూట్లే.

బందరులో 1611 నాటి ఇంగ్లీషువారి కోఠీ కథ చెప్పుచు లడ్డు కొనిపించును. కోనసీమ కొబ్బరితోటలలో నీడ బాగున్నదని తల్లి యన్నచో, సగటు వేగము పడిపోయినదని బదులిచ్చును. 1954 దాక ఫ్రెంచివారి యధీనమున నుండి నేడు పుదుచ్చేరిలో భాగమైన యానాము చేరినపుడు గోదావరిని చూడడు, పెట్రోలు బంకును చూచును. ఇచ్చట చవుక! కాని హా విధీ, అమలాపురములోనే ట్యాంకు నింపియున్నాడు! ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు.

ఇతనిని చూచి నవ్వువారు ఒక సంగతి మరువరాదు. ఏడాది పొడుగున అతని కాలమున కెవరో యజమానులు. ఏ గంట కేమి చేయవలయునో వేరొకరు నిర్ణయింతురు. ఈ నాలుగైదు దినములే అతడు గడువు విధించువాడు. ఊరక కూర్చుండుట యెట్లో ఎవ్వరును నేర్పనందున, విశ్రాంతిని సైతము అతడు ప్రాజెక్టుగానే నడుపును. ఇంటివా రది యెరిగినవారే గనుక షీటును ప్రశంసించి, తమ పనులు తాము చక్కబెట్టుకొందురు.

తిరిగి వచ్చిన మరునాడు అపార్టుమెంటు లిఫ్టులో పొరుగువాడు పలుకరించును.

"ఎలా జరిగిందండీ ట్రిప్పు?"

"సూపరండీ! రోడ్డు అద్దంలా ఉంది. లీటరుకు పద్దెనిమిదిన్నర ఇచ్చింది."

"మరి సముద్రం?"

యాత్రాదక్షుడు క్షణకాల మాలోచించి, నిజాయితీగా బదులు చెప్పును: "పార్కింగుకి ఇబ్బంది లేదండీ."