కీళ్లన్నీ మరమనిషికే

వేలకు వేలు పోసి పెద్దవాళ్లు కొనుక్కునే రోబో బొమ్మల పెట్టెల్లో, ఎవరూ అడగకపోయినా, గోరంత మనిషి బొమ్మని కొసరు వేయడం ఒక ఆచారమైపోయింది. రోబోకి మెడ తిరుగుతుంది, నడుము తిరుగుతుంది, మోచెయ్యి మడతపడుతుంది, ఖరీదైన రకమైతే వేళ్లు కూడా దేనికవి కదులుతాయి. దాన్ని నడిపే వీరుడికి మాత్రం తల తిప్పే యోగం కూడా లేదు. అతను ఒకే ముద్దగా పోతపోసిన ప్లాస్టిక్. అయినా పెట్టె మీద అచ్చేసిన జాబితాలో తుపాకీ, కత్తి, డాలు సరసన అతనికీ ఓ చోటుంటుంది. ఈ బుల్లి మనిషి వల్లే బొమ్మకి జీవం వస్తుందని అమ్మేవాళ్లు అంటారు, కొన్నవాళ్లు అంతకంటే గట్టిగా అంటారు. జీవం పోయడానికి శవాన్ని పంపడం ఏ శాస్త్రంలో ఉందో వాళ్లే చెప్పాలి.

గండమ్ సంగతే చూద్దాం. యోషియుకి టొమినో దర్శకత్వంలో 1979లో జపాన్ టీవీలో మొదలైన ఈ కథలో రోబో దేవుడు కాదు, ఉత్త యుద్ధ యంత్రం. దాని లోపల కూర్చుని భయపడే, అలిగే, మొండికేసే ఆమురో రే అనే కుర్రాడే అసలు కథ. 1980 నుంచి బందాయ్ కంపెనీ ఆ యంత్రాలను ప్లాస్టిక్ కిట్లుగా అమ్ముతోంది. కథలో గండమ్ ఎత్తు 18 మీటర్లు. 1995లో మొదలైన మాస్టర్ గ్రేడ్ వరుసలో నూరో వంతుకి తగ్గించేసరికి అది 18 సెంటీమీటర్లయింది. అదే లెక్కన కుర్రాడు దాదాపు 17 మిల్లీమీటర్లు. అతను కూర్చున్నాడంటే ఇక లేవలేడు కనుక, చాలా కిట్లలో కూర్చున్నవాణ్ణి ఒకణ్ణి, నిలబడ్డవాణ్ణి ఒకణ్ణి విడివిడిగా ఇస్తారు. ఒకే మనిషి కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు కావలసి వచ్చిన వింత ఇంకెక్కడా ఉండదు. పైగా వాళ్లకి సాధారణంగా రంగు కూడా వెయ్యరు. ఓపికుంటే సన్నటి కుంచె పట్టుకుని కళ్లూ కనుబొమలూ మీరే దిద్దుకోవాలి. దిద్దాక ఆ కూర్చున్నవాణ్ణి రోబో గుండెలో పెట్టి తలుపు మూసేస్తారు. ఆ కళ్లు ఇక ఎవరికీ కనిపించవు.

అంత చిన్న బొమ్మకి కీళ్లు ఎలా పెడతారన్నది మొదటి ఆక్షేపణ. 17 మిల్లీమీటర్ల దగ్గర ఆ మాటకి బలముంది, ఒప్పుకుంటాను. కానీ చేతకాదన్న మాట ఈ పరిశ్రమ నోట్లోంచి రాకూడదు. ఇదే బందాయ్ 2010లో తెచ్చిన రియల్ గ్రేడ్ కిట్లలో రోబో అస్థిపంజరం కీళ్లతో సహా అచ్చులోనే తయారై వస్తుంది. చట్రం నుంచి కత్తిరించిన క్షణం నుంచే మోకాలు మడుచుకుంటుంది. ఆ విద్య రోబో ఎముకల దాకా వచ్చి, మనిషి ఎముకల దగ్గర ఆగిపోయింది. ఇక 60వ వంతు బొమ్మల సంగతి. ఆ కొలతలో మనిషి మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. సరిగ్గా ఆ ప్రమాణంలోనే టకారా కంపెనీ 1980లో డయాక్లోన్ బొమ్మలు తెచ్చింది. వాటి బుల్లి చోదకులకి కాళ్లూ చేతులూ కదిలేవి, పాదాల్లో అయస్కాంతాలు కూడా ఉండేవి. ఇనుము తగిలితే చాలు, ఏటవాలుగానైనా నిలబడేవారు. 2016లో ఆ వరుసని మళ్లీ మొదలుపెట్టినప్పుడు కీళ్లూ ఉంచారు, అయస్కాంతాలూ ఉంచారు. నలభయ్యేళ్ల కిందటే చేసి చూపించిన పనిని అసాధ్యమని ఎలా నమ్మమంటారు?

ఆ డయాక్లోన్ చోదకుల గతి ఏమైందో కూడా చెప్పుకోవాలి. అమెరికా కంపెనీ హాస్‌బ్రో 1984లో ఆ అచ్చులు తీసుకుని ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టింది. రోబోలకే ప్రాణముందని కథ అల్లింది. ప్రాణమున్న కారుకి డ్రైవరెందుకు? చోదకులు ఊడిపోయారు, వాళ్ల కోసం అచ్చులో చెక్కిన సీట్లు మాత్రం ఖాళీగా మిగిలాయి. అది నిష్ఠూరమైనా నిజాయితీ గల నిర్ణయం. అక్కర్లేని మనిషిని తీసేశారు. తర్వాత పెద్దల కోసం ఖరీదైన వరుసలు వచ్చేసరికి, ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్‌లో రోబోల వెంట తిరిగే స్పైక్ లాంటి మనుషులు తిరిగొచ్చారు, ఈసారి కొసరుగా. మధ్యలో 2009లో హాస్‌బ్రోయే హ్యూమన్ అలయన్స్ పేరుతో కాళ్లూ చేతులూ ఆడించే మనుషుల్ని రోబోలతో జతచేసి అమ్మింది కూడా. అంటే తెలియక కాదు, తలచుకోక.

రెండో ఆక్షేపణ ఇంకాస్త తెలివైనది. బొమ్మ కదలనక్కర్లేదు, పక్కన నిలబడి రోబో ఎంత పెద్దదో చెబితే చాలంటారు. గండమ్ దగ్గర ఇది నిజమే. కానీ అది కొలబద్ద చేసే పని. దానికి నిలబడ్డ బొమ్మ ఒక్కటి సరిపోతుంది, చీకటి గుండెలో కూర్చున్న రెండోవాడు ఏం కొలుస్తున్నట్టు? ట్రాన్స్‌ఫార్మర్స్ దగ్గరికి వస్తే ఆ వాదం కూడా నిలవదు. ఆ కార్టూన్‌లో మనుషుల కంటే ఎన్నో రెట్లు ఎత్తున్న మెగట్రాన్ ముడుచుకుని ఇంకో రోబో చేతిలో ఇమిడే పిస్తోలవుతాడు. సౌండ్‌వేవ్ మనిషి మోసుకుపోగలిగే క్యాసెట్ ప్లేయరవుతాడు. అసలు శరీరమే కొలతకి కట్టుబడనప్పుడు పక్కన మనిషిని నిలబెట్టి దేన్ని కొలుస్తారు?

కదలకపోతే తప్పేమిటి, కొండపల్లి బొమ్మలు కదులుతున్నాయా అని మనవాళ్లు అడగొచ్చు. కదలవు. పొణికి చెక్కతో చేసిన ఆ లోకంలో ఏనుగూ కదలదు, మావటీ కదలడు. ఇద్దరిదీ ఒకటే న్యాయం. టమియా కంపెనీ 35వ వంతు సైనికుల బొమ్మలూ అంతే, నమూనా దృశ్యంలో అంతా ఒక్క క్షణం దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఇక్కడ తగువు నిశ్చలత్వంతో కాదు, పంక్తిభేదంతో. ఒకే పెట్టెలో యంత్రానికి వేలి కణుపుల దాకా స్వేచ్ఛ, మనిషికి పక్షవాతం.

చిన్న భాగాలు పిల్లలు మింగుతారన్న సాకు ఈ సరుక్కి వర్తించదు. మాస్టర్ గ్రేడ్ పెట్టెల మీద 15 ఏళ్లు పైబడినవారికని కంపెనీయే రాస్తుంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అమలైన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు కూడా 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువుల గురించే. ఇక ఊరికే ఇచ్చినదానికి వంకలేమిటన్నది చివరి మాట. అచ్చు చెక్కడం ఊరికే అవదు, ప్లాస్టిక్ ఊరికే రాదు. ఆ ఖర్చు పెట్టె ధరలోనే ఉంది. విదేశీ బొమ్మల మీద మన ప్రభుత్వం సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. సుంకం పడేది పెట్టె మొత్తం విలువ మీద కనుక, హైదరాబాదులో కూర్చుని తెప్పించుకున్నవాడు ఆ కదలని కుర్రాడికీ పన్ను కట్టినట్టే.

కాబట్టి తయారీదారులకి విన్నపం ఇంతే. మనిషి కావాలనుకుంటే కీళ్లు పెట్టండి, 60వ వంతులో అది సాధ్యమని మీవాళ్లే రుజువు చేశారు. కొలత కావాలనుకుంటే పెట్టె అంచున ఒక గీత గీసి మనిషి ఎత్తు ఇంత అని రాయండి, ఖర్చు తగ్గుతుంది. రెండూ కుదరకపోతే ఆ చిటికెడు ప్లాస్టిక్‌తో రోబోకి ఇంకో తుపాకీ పొయ్యండి. దాన్ని పట్టుకోవడానికి వేళ్లున్నది ఎలాగూ దానికే.