రబ్బరు వేలికి రాజమర్యాద

కొత్త ఫోను మార్కెట్లోకి దిగిన ప్రతిసారీ పేపర్లో టెక్ పేజీది ఒకటే పాట. ఈసారి స్కానరు స్క్రీను కిందే ఉందట. తడి వేలైనా గుర్తుపడుతుందట. రెప్పవేసే లోపే తాళం తెరుచుకుంటుందట. ఇంక పాస్‌వర్డులు బుర్రలో మొయ్యక్కర్లేదు, మీ వేలే మీ పాస్‌వర్డ్! కాశీబుగ్గ సెల్ షాపు కుర్రాడు కూడా ఈ ముక్క అప్పజెప్పకుండా డబ్బా విప్పడు.

ఈ పాట కట్టినవాళ్లెవరూ పలాస జీడి ఫ్యాక్టరీ గుమ్మం తొక్కినట్టు లేదు. తొక్కితే, పప్పు నోట్లో వేసుకునే ముందు ఒలిచినవాళ్ల వేళ్లు చూసేవారు.

ఉద్దానం తోటల నుంచీ, చాలకపోతే ఆఫ్రికా నుంచీ, పిక్కలు బస్తాల్లో వస్తాయి. వాటిని ఆవిరికి ఉడికించి ఆరబెడతారు. ఆ తరవాత కటింగ్ మిషను దగ్గర ఒక్కొక్క పిక్కనే కత్తుల మధ్య పెట్టి, పిడి లాగి, పెంకు రెండుగా చీల్చాలి. చీలిన పెంకు లోంచి జీడి చిమ్ముతుంది. ఇదేం మామూలు నూనె కాదు. వాహనాల బ్రేకు లైనింగుల్లో, పెయింట్లలో, వార్నిష్‌లలో వాడే సరుకు. లారీ బ్రేకు వేడిని తట్టుకునే పదార్థం ఆడమనిషి వేలి చర్మాన్ని గౌరవిస్తుందా? చేతులకు ఆముదం పట్టించినా, బూడిద రాసినా అది తన పని తాను చేసుకుపోతుంది. చర్మం నల్లబడి, పొక్కి, పొరలు పొరలుగా లేచిపోతుంది. పొరతోపాటే గీతలూ పోతాయి. గ్లౌజులు తొడుక్కోవచ్చు కదా అని ఏసీ గదిలోంచి అడగడం తేలికే. కేజీల లెక్కన కూలి ఇచ్చేచోట గ్లౌజు తొడిగిన చెయ్యి ఎంత నెమ్మదిస్తుందో అంతా కూలిలోనే కోత.

ఇలా గీతలు చెరిగిన వేలు పట్టుకుని పిక్కలు కోసే మామ్మ రేషను డిపోకి వెళ్తుంది. 2015 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం ఇచ్చేది డీలరు కాదు, వేలిముద్ర చూసే ఈపాస్ మిషను. డీలరు తూకం వేస్తాడంతే.

"ఏటి బాబూ, మళ్లీ ఎర్ర లైటేనా?"

"వేలు బాగా తుడిసి పెట్టు మామ్మా."

"ఈ ఏలితోటే కదా ఇన్నేళ్లుగా పిక్కలు కోస్తన్నాను. ఇంకెవలి ఏలు తెమ్మంటావు?"

ప్రతి నెలా ఏదో ఒక డిపో దగ్గర వినబడే మాటలే ఇవి. కొంగుకి తుడిపించి, కొబ్బరినూనె రాయించి, పది వేళ్లూ వరసగా పెట్టిస్తారు. ఒక వేలు చాలకపోతే రెండు వేళ్లు కలిపి చూసే ఏర్పాటుంది, దానికి ఫ్యూజన్ ఫింగర్ అని పేరు. పేరు మాత్రం హైదరాబాద్ హోటలు మెనూలోంచి ఎత్తుకొచ్చినట్టు బాగుంది. అదీ పడకపోతే? మన రాష్ట్రంలో దానికీ దారి పెట్టారు: వీఆర్వో వచ్చి తన వేలు పెడతాడు. మామ్మ మామ్మేనని మామ్మ వేలు చెబితే చెల్లదు, వీఆర్వో వేలు చెప్పాలి. వీఆర్వో ఆ రోజు టెక్కలిలో మీటింగులో ఉంటే మామ్మ మామ్మ కాకుండా సాయంత్రం దాకా ఉండాలి.

జీడి చేతుల సంగతి మాత్రమే అనుకోకండి. టెక్కలి గ్రానైట్ క్వారీల్లో రాయి పట్టినవాళ్లూ, తీరం వెంట ఉప్పునీటిలో తాళ్లు లాగినవాళ్లూ ఇదే క్యూలో ఉంటారు. ఈ లెక్కన వేలిముద్ర నిక్షేపంగా ఉండాలంటే మనిషి పని చెయ్యకూడదు. కంపెనీ వాళ్లు పెట్టెమీద ఈ షరతు చిన్న అక్షరాల్లోనైనా రాసుంటే బాగుండేది.

పని చెయ్యని వేళ్లకు మాత్రం ఈ యంత్రం చేసే మర్యాద చూడాలి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల డీలరు దొరికాడు. కంపెనీ టార్గెట్టు అందుకోవడానికి అతను పెద్దగా శ్రమపడలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అప్పట్లో జనం భూమి దస్తావేజులు ఉండేవి, వాటిమీద ఆధార్ నంబర్లూ వేలిముద్రలూ ఉండేవి. దించుకున్నాడు, రబ్బరు స్టాంపులు చేసుకున్నాడు, వేల సిమ్‌లు ఆ ముద్రలతో యాక్టివేట్ చేసిపారేశాడు. ప్రతిసారీ యంత్రం పచ్చలైటుతో తలూపింది. ఊపదా మరి? రబ్బరు వేలికి జీడి అంటదు, చెమట పట్టదు, ముసలితనం రాదు. యంత్రం కలలుగన్న ఆదర్శ పౌరుడు అదే.

ఇదేదో మన దగ్గరే జరిగిన వింత అని బాధపడక్కర్లేదు. 2002లోనే జపాన్‌లో మత్సుమోతో అనే ప్రొఫెసరు జెలటిన్‌తో వేళ్లు చేసి స్కానర్లను వరసపెట్టి బోల్తా కొట్టించాడు. మిఠాయిల్లో వేసే జెలటినే. 2013 సెప్టెంబరులో యాపిల్ వేలిముద్ర ఫోను బయటికొచ్చిన కొద్ది రోజులకే జర్మనీ హ్యాకర్లు అద్దం మీది ముద్రను ఫొటో తీసి, నకలు వేలితో దాన్ని తెరిచి చూపించారు. 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10కి బ్రిటన్‌లో ఒకావిడ చవక రకం స్క్రీను కవరు వేయించింది. ఆ తర్వాత ఫోను ఆవిడ వేలికే కాదు, మొగుడి వేలికీ తెరుచుకుంది. ఇంత ఉదారంగా పలాస డిపో మిషను ఒక్కరోజు ప్రవర్తించినా మామ్మ దండ వేసేది.

ఇంతటి పేరున్న వేలికే మనవాళ్లు బ్యాంకు తాళాలు కూడా అప్పగించారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, మైక్రో ఏటీఎం దగ్గర ఓటీపీ అడగకుండానే డబ్బు చేతిలో పెడతారు. బ్యాంకు గడప తొక్కలేని పల్లెకు ఇది మంచి సౌకర్యమే, కాదనను. దొంగకి మరీ మంచి సౌకర్యం. నకలు ముద్రల బాధ తట్టుకోలేక ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో కొత్త పరీక్ష తెచ్చింది: పెట్టిన వేలు బతికున్నదా కాదా అని ఏఐ చూస్తుంది. అంటే ఇదివరకు మామ్మ ఆవిడేనా అని మాత్రమే అనుమానించేవారు, ఇప్పుడు ఆవిడ వేలికి ప్రాణముందా అని కూడా అడుగుతారు.

పోనీ, ఎక్కడో ఒకటీ అరా జరుగుతుందేమో అందామా? 2018లో సుప్రీంకోర్టు ముందు ఆధార్ సంస్థ అధిపతి స్వయంగా ఒప్పుకున్న లెక్క ఉంది. ప్రభుత్వ సేవల్లో ముద్ర సరిపోలనివి 12 శాతం. అంటే దాదాపు ఎనిమిదిసార్లకు ఒకసారి! టెక్ పేజీ రాసేవాళ్ల ఫోను ఎనిమిదిసార్లకు ఒకసారి తెరుచుకోకపోతే దానికి ఎన్ని నక్షత్రాల రేటింగు ఇస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇక భద్రతా నిపుణుల సలహా వినండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోమంటారు. సలహా నిజంగా మంచిదే. దానికి ఓటీపీ రావాలి. ఓటీపీకి ఆధార్‌తో ముడిపెట్టిన ఫోను నంబరుండాలి. నంబరు పాతదైపోతే చాలామంది ఆధార్ కేంద్రానికే వెళ్లి మార్పించుకుంటారు. అక్కడ ముందు ఏం అడుగుతారు? వేలు పెట్టమ్మా, అంటారు.

మిషన్లు లేని రోజులూ చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరీ, జీడీ మొదలంటా పోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నలు లేదు, ఏ మిషనూ మాట్లాడలేదు. ఆ రోజుల్లో ఉద్దానంలో ఎవరు ఎవరన్న అనుమానం ఏ ఊళ్లోనూ ఎవరికీ రాలేదు.

మిషన్లను తీసుకెళ్లి మూలపేట దగ్గర సముద్రంలో పారెయ్యమని నేననడం లేదు. కంటిపాపను చూసే యంత్రముంది, ముఖం చూసే పద్ధతుంది, ఓటీపీ ఉంది, ఇవేవీ పనిచెయ్యకపోతే రాసుకోవడానికి రిజిస్టరుంది. ముద్ర పడలేదన్న సాకుతో రేషను ఆపొద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టూ అదే మాట అంది. కాబట్టి పలాసలోనైనా, టెక్కలిలోనైనా ఎర్రలైటు వెలిగితే వెనక్కి రావద్దు. కన్ను చూడమనండి, రిజిస్టరులో రాయమనండి, రాయనంటే ఆ మాటే కాగితం మీద ఇమ్మనండి. ఖాతాలో డబ్బు మీ వేలు కదలకుండానే కదిలితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి. ఆ ఒక్క నంబరుకి మాత్రం వేలిముద్ర అడగరు.